పాటగాడా, ఎప్పుడు పోతావయ్యా?

తమిళనాట మా పుదూరులో ఎవరు పోయారో తెలుసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. బస్టాండు గోడ చూస్తే చాలు. రాత్రికి రాత్రి "కన్నీర్ అంజలి" పోస్టరు పడి ఉంటుంది. నడుమ పోయినవాడి ఫోటో. ఓటరు కార్డులోంచి తీసి పెద్దది చేసింది కాబట్టి మసకమసకగా ఉంటుంది. చుట్టూ ఏడుస్తున్నవాళ్ల ఫోటోలు. అవి మాత్రం స్టూడియోలో తీయించుకున్నవి. నల్ల కళ్లద్దాలు, తెల్ల చొక్కా, పల్చటి జేబులోంచి కనబడేలా అయిదువందల నోటు, ఫోను చెవికి ఆనించి ఏదో భూమి బేరం తెగ్గొడుతున్న ఫోజు. పోస్టర్లు అచ్చయ్యే శివకాశి దగ్గర్లో ఉండడం మా అదృష్టం. పెళ్లికీ, చెవులు కుట్టే వేడుకకీ, ఎన్నికలకీ, చావుకీ అదే ఫోటో పనికొస్తుంది. పైన అక్షరాలొక్కటే మారుస్తారు. ఒక్కోసారి అవి మార్చడం కూడా మరిచిపోతారని గిట్టనివాళ్లు అంటారు.

వీళ్లకంటే ఒప్పారి పాడే అవ్వలు మేలు. కూలి తీసుకుంటారు, కూలికి తగినంత ఏడుస్తారు. పోయినవాడి గుణగణాలు వరసపెట్టి చెబుతారు, మధ్యలో వాడి అప్పులు కూడా చెబుతారు. చీకటి పడేసరికి ఇంటికి పోతారు. అభిమానికి కూలీ లేదు, వేళా లేదు, పోయినవాడి గురించి తెలిసిందీ లేదు.

ఆ గోడ ఇప్పుడు ఫోన్లోకి వచ్చేసింది. 2022 మే నెలాఖర్లో పంజాబీ ర్యాపర్ సిద్ధూ మూసేవాలా పోయినప్పుడు, ఎండకు నెర్రెలిచ్చిన మా నల్లరేగడి గట్ల మీద కూర్చున్న కుర్రాళ్లంతా ఆయన పాటతో స్టేటస్ మార్చేశారు. వాళ్లకు పంజాబీ ఒక్క ముక్క రాదు. ఆ మాటకొస్తే ఇంట్లో మాట్లాడే తెలుగే చదవడం రాదు, తమిళ అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటారు. ఆ పాట ఎవర్ని మెచ్చుకుంది, ఎవర్ని తిట్టింది, తుపాకులంటే దానికెందుకంత మోజు అని అడిగితే "మాస్ మామా" అంటారు. మే 28న పంజాబు ప్రభుత్వం 424 మందికి భద్రత తగ్గించిందనీ, ఆ పేర్ల జాబితా బయట పడిందనీ, మర్నాడే జవాహర్‌కే ఊళ్లో ఆయన్ని కాల్చేశారనీ చెప్పబోతే "అదంతా పాలిటిక్స్ మామా, మనకెందుకు" అన్నారు. పోయాక నెల తిరక్కుండా ఆయన పాట ఒకటి వచ్చింది, పంజాబు నదుల నీళ్ల గురించి. మన దేశంలో అది కనబడకుండా యూట్యూబ్‌లోంచి తీయించేశారు. అభిమానులు నొచ్చుకోలేదు. వేరే పాట పెట్టుకున్నారు.

పోయినవాణ్ని వాడుకునే ఈ విద్యలో అమెరికా మనకంటే ముందుంది. 1996లో లాస్ వేగాస్‌లో తూటాలకు బలైన ర్యాపర్ టుపాక్ షకూర్ బతికుండగా సొంతంగా నాలుగు ఆల్బమ్‌లు తెస్తే, పోయాక పదేళ్లలో ఇంకో ఆరు వచ్చాయి. ఇంత ఒళ్లు వంచి పనిచేసే శవాన్ని ఏ కంపెనీ వదులుకుంటుంది? 2012లో కోచెల్లా సంగీతోత్సవంలో వెలుగుతో బొమ్మ కట్టి వేదిక కూడా ఎక్కించారు. చొక్కా లేకుండా వచ్చాడు, జనాన్ని పలకరించాడు, పాడాడు, మాయమయ్యాడు. ఆలస్యంగా రాలేదు, డబ్బు చాలదనలేదు, దారిలో పోలీసులతో తగువు పెట్టుకోలేదు. హత్య కేసులో ఒకణ్ని పట్టుకున్నది మాత్రం 2023లో. ఆల్బమ్‌లకున్న తొందర కేసుకు లేకపోయింది.

ఇదంతా చూశాక నాకొకటి బోధపడింది. పాటగాడికి గొంతు, తాళజ్ఞానం, మాట పొందిక, ఇవన్నీ అదనపు అర్హతలు. అసలు అర్హత పోయి ఉండడం. బతికున్నవాడితో వచ్చిన చిక్కు, రేపు ఇంకో పాట కడతాడు. అది ఎవరి మీద కడతాడో వాడికే తెలియదు.

దూరం పోనక్కర్లేదు. పక్కనున్న ఎట్టయపురం తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరు. చిన్నతనంలోనే 'భారతి' బిరుదు దక్కింది అక్కడి జమీను కొలువులోనే. ఆ జమీందార్లు మా తెలుగువాళ్లే. పెద్దయ్యాక ఆ కవే చేతిలో కాసు లేక, సాయం చెయ్యమని 1919లో అదే కొలువుకు పద్యాల్లో లేఖ రాసుకున్నాడు. కొలువు కదల్లేదు. 1921 సెప్టెంబరులో మద్రాసు తిరువల్లికేణిలో పోయాడు. శవం వెంట నడిచినవాళ్లు ఇరవై మంది కూడా లేరంటారు. పోయిన ఏడేళ్లకు, 1928లో, తెల్లదొరలు ఆయన పాటల పుస్తకాలు జప్తు చేశారు. దొరలకు కనీసం ఆ పాటలంటే భయముండేది, అదొక గౌరవం. 1947లో ఎట్టయపురంలో ఆయనకు మణిమండపం లేచింది. 1949లో ప్రభుత్వమే ఆయన రచనల హక్కులు సంపాదించింది. ఇప్పుడు మా బళ్లలో ఏ పిల్లాడికైనా మాసిపోయిన కోటు తొడిగి, తలపాగా చుట్టి, కాటుకతో మీసం గీస్తే భారతి అయిపోతాడు. ఫోటో తీసి పంపిస్తే బహుమతి. ఆ పిల్లాడు రేపు పెద్దవాడై అదే కోటుతో ఏ ఆఫీసు గుమ్మంలోనో నిలబడి సాయం అడిగితే ఏమవుతుందో ఎట్టయపురం వాళ్లకు ముందే తెలుసు.

సరే, అసలు సంగతికి వస్తాను. గద్దర్.

మా కుర్రాళ్ల లెక్కలో గద్దర్ కూడా ర్యాపరే. ఇందులో మాత్రం వాళ్లతో నాకు తగువు లేదు. మాటాడుతూ మాటాడుతూ పాటందుకోవడం, పాట మధ్యలో ఆపి ఒకణ్ని కడిగెయ్యడం, జనాన్ని నవ్వించి, కంటతడి పెట్టించి, గజ్జె ఝాడించి మళ్లీ పల్లవికి రావడం, ఇది కాక ర్యాప్ అంటే ఏమిటి? న్యూయార్కు బ్రాంక్స్ పేటలో నల్లజాతి కుర్రాళ్లు మైకు పట్టుకుంటున్న 1970ల తొలినాళ్లలోనే తెలంగాణలో విప్లవ పాటల దండు జననాట్యమండలి గొంగడి భుజాన వేసుకుంది. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు కెనరా బ్యాంకులో గుమాస్తా కొలువు వదిలేసి, గద్దర్‌గా దాని గొంతయ్యాడు. పంచె ఎగగట్టి, పై ఒళ్లు వదిలేసి, చేత కర్ర, కాలికి గజ్జెలు. 1985లో కారంచేడు హత్యాకాండ తర్వాత అజ్ఞాతంలోకి పోయి, 1990లో బయటికొచ్చి హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో పాడితే జనం లక్షల్లో వచ్చారు. 1997 ఏప్రిల్ 6న అల్వాల్‌లోని ఇంటికొచ్చి కాల్చారు. ఎవరు కాల్చారో నేటికీ తేలలేదు. ఆయన మాత్రం చివరిదాకా పోలీసుల వైపే వేలు చూపించారు. ఒక తూటా వెన్నెముక దగ్గర ఇరుక్కుపోయింది, తీస్తే ప్రాణానికి ముప్పని డాక్టర్లు వదిలేశారు. ఆ తూటాతోనే ఇరవయ్యారేళ్లు ఎగిరి ఆడి పాడారు.

2023 ఆగస్టు 6న పోయారు. ఆ రోజు సాయంత్రానికల్లా తెలంగాణలో ఆయన శత్రువు ఒక్కడూ మిగల్లేదు. భౌతికకాయం ఎల్బీ స్టేడియంలో. అన్ని పార్టీలవాళ్లూ వచ్చారు. ఆయన ఏ పార్టీని తిట్టారో జాబితా రాసుకుంటే, ఆ వరుస తప్పకుండా వచ్చారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు. ఏ ఖాకీ బట్టల మీద పాటలు కట్టారో ఆ ఖాకీ బట్టలే బారులు తీరి వందనం చేశాయి. అల్వాల్‌లో ఆయన పెట్టిన మహాబోధి బడి ఆవరణలో పూడ్చారు. తూటా కూడా ఆయనతోనే పోయింది. ఈ దేశంలో ఆధారాలు ఇంత మర్యాదగా పూడ్చిపెట్టిన కేసు ఇంకోటి ఉండదు.

నక్సలైట్ల చేతుల్లో చనిపోయిన పోలీసులకిది అవమానం, ఈ లాంఛనాలేమిటి అని అడ్డు చెప్పినవాళ్లూ లేకపోలేదు. వాళ్లతో నేను ఏకీభవించను గానీ ఒకటి ఒప్పుకోవాలి. పోయినాయన ఎవరో గుర్తున్నది ఆ రోజు వాళ్లకే.

2025 జనవరిలో పద్మ పురస్కారాల గొడవ వచ్చింది. గద్దర్‌కివ్వండని పేరు పంపితే పక్కన పడేశారని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మండిపడ్డారు. ఇవ్వం, నక్సలైట్లతో తిరిగినవాడికెలా ఇస్తామని కేంద్రమంత్రి బండి సంజయ్ తెగేసి చెప్పారు. అందరూ బండి సంజయ్ మీద పడ్డారు. నాకైతే ముచ్చటేసింది. పోయి ఏడాదిన్నర అయినా గద్దర్‌ని ఇంకా బతికున్నవాడి లాగే చూస్తున్న నాయకుడు ఆయనొక్కడే.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద ముచ్చట. 1995లో 'ఒరేయ్ రిక్షా' అని ఒక సినిమా వచ్చింది. అందులో గద్దర్ పాటకు నంది పురస్కారం ప్రకటించారు. ఆయన తీసుకోలేదు. ప్రభుత్వం చేతుల మీదుగా నాకేమీ వద్దన్నారు. మనిషి బతికుండగా అన్న మాట కదా, ప్రభుత్వం ఓపిగ్గా కాచుకుంది. ఆయన పోయిన అయిదారు నెలలకు, 2024 జనవరి 31న, ఆయన జయంతి సభలో, సినిమా పురస్కారాలకు గద్దర్ పేరే పెడుతున్నామని ప్రకటించింది. నంది వద్దన్నవాడికి ఇక వద్దనే నోరు లేదని చూసుకుని, నందినే ఆయన పేరుకు మార్చేశారు. తీసుకోనన్నవాడి చేత పంచిపెట్టించారు. పగ తీర్చుకునే తీరు ఇంత నాజూగ్గా ఉండడం నేనెక్కడా చూళ్లేదు. మీలో ఎవరికైనా ప్రభుత్వ పురస్కారం తిప్పికొట్టే ఉద్దేశం ఉంటే ఇప్పుడే ఆలోచించుకోండి. మీ పేరు మీద ఏ పథకం కాచుకుని ఉందో!

2025 జూన్ 14న హైటెక్స్‌లో ఆ పురస్కారాల పండగ జరిగింది. గొంగడి, గోచీ పేరు మీద ఎర్ర తివాచీ పరిచారు. మంచి సినిమా 'కల్కి 2898 ఏడీ' అన్నారు. ఉత్తమ నటుడు 'పుష్ప 2' అల్లు అర్జున్. మంచి నటుడే, అందులో వాదన లేదు. ఆ సినిమాలో హీరో ఎర్రచందనం దొంగ రవాణా చేసి పెద్దవాడవుతాడు. అడవి మీద పాటలు కట్టిన గద్దర్ పేరుతో ఇచ్చే పురస్కారానికి అడవిని దోచే హీరో దొరకడం తెలుగు సినిమాకే సాధ్యం. ఇంకో సంగతి. 2024 డిసెంబరు 4 రాత్రి అదే సినిమా ముందస్తు ఆటకు హైదరాబాదు సంధ్యా థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. 13న అదే ప్రభుత్వపు పోలీసులు అదే నటుణ్ని అరెస్టు చేశారు. ఆరు నెలలు తిరిగేసరికి అదే ప్రభుత్వం అదే చేతికి గద్దర్ బొమ్మ ఇచ్చి చప్పట్లు కొట్టింది. మధ్యలో పోయింది ఒక అభిమాని కుటుంబం. వాళ్ల పేరు మీద ఏ పురస్కారమూ లేదు.

ఇంతవరకు చదివి మావాళ్లు, "హైదరాబాదు సంగతి బాగా కడిగావు మామా" అని సంబరపడుతుంటారు. ఆగండి. ఇప్పుడు మన వీధికే వస్తున్నాను.

గద్దర్ పోయిన మర్నాడు పొద్దున మా టీకడ దగ్గర ఆయన పాట మోగుతోంది. మోగుతున్నది మా కమ్మవార్ కుర్రాడి ఫోన్లో. తెలుగు పాట, మనవాడు, సింహం అని వాడి మాట. పాటలో ఒక్క ముక్కా పట్టించుకోలేదని వాడి మొహమే చెబుతోంది. ఎందుకంటే అది భూస్వాముల్ని తిడుతున్న పాట, వాడు తాత భూములన్నీ ఏ మూల ఉన్నాయో సర్వే నంబర్లతో సహా చెప్పగలవాడు. ఆయన అజ్ఞాతంలోకి పోయింది ఏ కారంచేడు తర్వాతో, 1985 జులై 17న ఆ ఊళ్లో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపిన భూస్వాములది ఏ కులమో వాడికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. టీ ఇప్పించింది వాడే.

పక్కనున్న పెద్దాయన అన్నాడు, "తెలుగు మనిషి, ఇంత పేరున్నవాడు. మన తెలుగు సంఘం తరఫున ఒక సంతాప సభ పెడదాం తంబీ."

"పెడదాం తాతా. ఎక్కడ?"

"కల్యాణ మండపంలో పెడితే అద్దె దండగ."

అప్పుడు టీ మాస్టరు, పనిచేస్తూనే, తల ఎత్తకుండా, "ఊరి చివర కాలనీలో మైదానముంది. వాళ్లూ తెలుగే కదా మాట్లాడేది, వస్తారు. పలక కూడా వాయిస్తారు, ఆయనకు పలకంటే ఇష్టం" అన్నాడు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ కాలనీ దళిత అరుంధతియర్లది. వాళ్ల ఇళ్లలో మా ఇళ్లలో లాగే పొద్దున్న లేచింది మొదలు తెలుగే. మా తెలుగు సంఘం సభ్యుల పుస్తకంలో మాత్రం ఆ తెలుగుకు పేజీ లేదు. గద్దర్ పుట్టింది కూడా ఊరి అవతలి వాడలోనేనని ఎవరో గొణిగారు. పెద్దాయన గ్లాసు కింద పెట్టి, లేచి, పంచె దులుపుకుని తీర్మానం చెప్పాడు.

"సభలూ గిభలూ ఎందుకు తంబీ, ఎవరి ఫోన్లో వాళ్లు స్టేటస్ పెట్టుకుందాం."

తీర్మానం ఏకగ్రీవం. ఇరవై నాలుగ్గంటలు కాగానే గద్దర్ దానంతటదే చెరిగిపోయాడు. గోడ మీది పోస్టరైతే వాన పడేదాకానైనా ఉండేది.

ఆ ఆగస్టు 9న, అంటే ఆయన పోయిన మూడో రోజున, మాకు దక్షిణాన నాంగునేరిలో బడికెళ్లే దళిత కుర్రాణ్ని తోటి విద్యార్థులే రాత్రి ఇంటికొచ్చి కొడవళ్లతో నరికారు. అడ్డొచ్చిన చెల్లెల్నీ నరికారు. ఇద్దరూ బతికారు. దాని మీద వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది. బడిపిల్లలు చేతికి కులం రంగు కట్లు కట్టుకురాకూడదని అందులో రాశారు. మా జిల్లాల సంగతి తెలియనివారి కోసం చెబుతున్నాను. ఇక్కడ ఒక్కో కులానికి ఒక్కో రంగు. పిల్లాడు మాట్లాడకుండానే మణికట్టు చూసి ఎక్కడ కూర్చోబెట్టాలో పక్కవాడు తేల్చేస్తాడు. మా వీధి కుర్రాళ్లూ కడతారు. ఒక చేతికి ఆ కట్టు, ఇంకో చేతిలో ఫోను, ఫోన్లో గద్దర్. రెండు చేతుల మధ్య ఏ తగువూ లేదు. పోయినవాడి పాటకున్న సుగుణం అదే, ఏ చేతిలోనైనా ఒదిగిపోతుంది.

మరి బతికున్నవాళ్ల మాటేమిటంటారా? తిరుచ్చిలో కోవన్ అని జానపద గాయకుడున్నాడు. సారా దుకాణాలు ప్రభుత్వమే నడపడమేమిటని పాట కట్టి పాడాడు. 2015 అక్టోబరు నెలాఖర్లో, అర్ధరాత్రి దాటాక పోలీసులు ఇంటికొచ్చి పట్టుకుపోయారు. పెట్టిన కేసు రాజద్రోహం. సారాకొట్టు మీద పాట పాడితే రాజుకు ద్రోహమెలా అయిందని అప్పట్లో జనం వింతపోయారు, కొట్టు రాజుదే గనక అయిందని నా వివరణ. 2018లో ఇంకో పాటకు ఇంకోసారి అరెస్టు. అప్పుడు రాష్ట్రమంతా స్టేటస్‌లు మారలేదు. ఆయన ఓపిగ్గా ఉండాలి. పోయాక ఒక మంచి రోజు చూసి, సారా అమ్మే శాఖవారే ఆయన పేర గానసభ కట్టిస్తారు.

ఇంకొకడు అరివు. ర్యాపర్, అచ్చమైనవాడు, పక్కా ర్యాపర్. సిలోను తేయాకు తోటల్లో ఒళ్లు హూనం చేసుకున్న వాళ్ల అవ్వ బతుకు తలుచుకుని 'ఎంజాయ్ ఎంజామీ' రాసి పాడాడు. 2021లో అది మోగని పెళ్లి లేదు, ఆడని పిల్లాడు లేడు. భూమి దున్నినవాడికి భూమి లేదన్న పాటకు భూములున్నవాళ్లంతా చిందులేశారు. ఆ ఆగస్టులో ఒక పెద్ద సంగీత పత్రిక ఆ పాట పేరు చెప్పి ముఖచిత్రం వేసింది, అందులో అరివు లేడు. గొడవయ్యాక అతనికి విడిగా ఇంకోటి వేశారు. వేరే గ్లాసులో టీ పోసినట్టు. మరుసటేడు చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ఆరంభోత్సవంలో దేశదేశాలవాళ్ల ముందు ఆ పాట మోగింది, వేదిక మీద అరివు లేడు. పాట ఎవరిది, ఎంతవరకు ఎవరిదని పెద్ద వాదన నడిచింది. అదంతా నేను తేల్చలేను. నాకు తెలిసింది, పోయినవాణ్ని ముఖచిత్రం లోంచి తీసెయ్యరు. ఇంకా పెద్దది చేసి వేస్తారు. చుట్టూ పూలదండ గీస్తారు. అరివు తంబీ చేసిన పొరపాటు ఊపిరి పీల్చడం.

పోవడం వల్ల వచ్చే లాభాల్లో కొత్తది కూడా ఉంది. 2024లో 'లాల్ సలామ్' సినిమా పాటలో అంతకు రెండేళ్ల కిందట పోయిన బంబా బాక్యా చేతా, తొంభైల్లోనే పోయిన షాహుల్ హమీద్ చేతా కంప్యూటర్ సాయంతో పాడించారు. ఇంటివాళ్ల అనుమతి తీసుకున్నారు, డబ్బిచ్చారు, మర్యాదే. తెలుగులో ఆ శ్రమ కూడా ఎందుకనుకున్నట్టున్నారు. 'కీడా కోలా' సినిమాలో నాన్నగారి గొంతు మమ్మల్ని అడక్కుండా వాడుకున్నారని ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కొడుకు చరణ్ లాయరు నోటీసు పంపారు. నలభై వేల పాటలు పాడినాయనకు విశ్రాంతి ఎందుకులే అనుకుని ఉంటారు. ఈ లెక్కన ముందుముందు ఏమవుతుందో ఊహించుకోండి. ఎన్నికల సభలో గద్దర్ గొంతు వచ్చి, ఏ పార్టీ అద్దెకు తీసుకుంటే ఆ పార్టీ పథకాల పేర్లు వరసగా పాడుతుంది. గజ్జెల చప్పుడు ఉచితం. ఎదురుతిరిగే ప్రసక్తే లేదు. మైకు మధ్యలో లాక్కుని "ఇదేందిరో" అని అసలు సంగతి అందుకునే ప్రసక్తి అంతకంటే లేదు.

కాబట్టి ప్రభుత్వాలకు ఒక మనవి. ఈ పని చాటుమాటుగా ఎందుకు? పాటగాళ్ల మరణానంతర సంక్షేమ శాఖ అని ఒకటి పెట్టేయండి. బతికున్నవాడు దరఖాస్తు పెట్టుకుంటే మీద ఎన్ని కేసులున్నాయో, ఒంట్లో ఎన్ని తూటాలున్నాయో చూసి గ్రేడు ఇవ్వండి. తూటా ఉన్నవాడికి రాష్ట్రస్థాయి పురస్కారం. రాజద్రోహం కేసున్నవాడికి జిల్లాస్థాయి విగ్రహం. ఉత్త లాఠీదెబ్బలవాడికి పంచాయతీ రోడ్డు, అది కూడా తారు వెయ్యనిది. డాక్టరు సర్టిఫికెట్ అందిన రోజే కేసులు ఎత్తేసి శాలువా పంపండి. ప్రతి రాష్ట్రానికీ కోటా ఉండాలి. మూసేవాలా భద్రత తగ్గించినట్టు, అవసరమైతే దరఖాస్తులు త్వరగా పరిష్కారమయ్యే ఏర్పాట్లూ చెయ్యొచ్చు.

అభిమాన సోదరులకు వేరే మనవి. మీరు ఏడవండి, కాదనను. టీషర్టు మీద అచ్చు వేయించుకోండి. ఆయనదీ మా జిల్లానే, మా భాషే, మా మేనత్త అత్తవారి ఊరే అని తవ్వి తీయండి. ఏటా ఆ రోజున బైకులకు జెండాలు కట్టి హారన్లు మోగించండి, పక్కవీధి ముసలమ్మ గుండె ఆగితే ఆమెకూ ఒక స్టేటస్ పెట్టండి. పోయినవాళ్ల పాట మీకెంత ఇష్టమో తెలుసుకోవాలంటే మాత్రం ఒక పని ఉంది, ఖర్చు లేనిది.

ఒక గొంగడి కప్పుకోండి. దొరక్కపోతే మా ఇంట్లో పాతదుంది, ఇస్తాను. గజ్జెలు కాలనీలో అడిగి తెచ్చుకోవాలి, అక్కడి గుమ్మం తొక్కడానికి మీకు ఇబ్బంది లేకపోతే. తూత్తుక్కుడి వెళ్లి, అనుమతి లేకుండా, మైకు లేకుండా, కలెక్టరాఫీసు గేటు ముందు నిలబడి గద్దర్ పాట ఒకటి పాడండి. అంతా అక్కర్లేదు, పల్లవి చాలు. 2018 మే 22న అక్కడికి వెళ్లినవాళ్లు పాట కూడా పాడలేదు, రాగి ఫ్యాక్టరీ పొగ మాకొద్దని చెప్పడానికి వెళ్లారు. పోలీసు తూటాలకు పదముగ్గురు చచ్చిపోయారు. వాళ్ల పేర్లు ఏ అభిమాన సంఘం టీషర్టు మీదా నేను చూళ్లేదు. అభిమాన సంఘం అధ్యక్షుడు ముందు నడవాలి, కార్యదర్శి పక్కన, కోశాధికారి ఆ పక్కన. పోస్టరులో ఫోటోలు ఏ వరుసలో ఉంటాయో ఆ వరుసలోనే.

నేనూ వస్తాను. అందరికంటే వెనక, చెప్పులు చేత్తో పట్టుకుని. పరిగెత్తడానికి అదే వీలు.